ఆకుపచ్చ ఆరు, ఎరుపు ఆరు

పిల్లలూ, వెల్గటూరు బస్టాండులో ఎవరో కొత్త మనిషి దిగి, "కోటిలింగాలకు ఎట్లా పోవాలె?" అని మిమ్మల్ని అడిగాడనుకోండి. మీరేం చెబుతారు? మీరు చెప్పే దారిలో ఒక చెట్టో, ఒక గుడో, ఒక చెరువుకట్టో, ఎవరిదో ఒక కొట్టో తప్పకుండా ఉంటుంది. "ఆ చెట్టు దగ్గర మలుపు తిరుగు, ఆ తరవాత ఎవరినడిగినా చెబుతారు" అంటారు. అతను అట్లాగే పోతాడు, ఊరు చేరుతాడు. మన ఊళ్ళలో దారి చెప్పటమంటే గుర్తులు చెప్పటమే.

లండను నగరంలో ఈ పద్ధతి సాగదు. అక్కడ సుమారు 90 లక్షల మంది జనం ఉన్నారు. ఊరు ఈ కొసనుంచి ఆ కొసకు యాభై కిలోమీటర్లకు పైనే ఉంటుంది. పక్క వీధి పేరు అడిగితే అదే వీధిలో పదేళ్ళుగా ఉంటున్న మనిషికి కూడా ఒక్కోసారి తెలియదు. అయినా ప్రతిరోజూ లక్షల మంది, ఆ ఊరికి నిన్ననే వచ్చినవాళ్ళతో సహా, తాము పోదలచిన చోటికి సరిగ్గా చేరుకుంటున్నారు. అదెలా సాధ్యమవుతున్నదో చెప్పటానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

దీన్ని మీరు చదివి ఊరుకోకుండా ఇంట్లో మీ తాతకూ, నాయనమ్మకూ, అమ్మమ్మకూ కూడా చదివి వినిపించాలి. ఎందుకంటే మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలనుంచి గల్ఫు దేశాలకు పనికి పోవటం ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. ఇప్పుడు చదువులకనీ, ఉద్యోగాలకనీ ఇంగ్లండు పోయేవాళ్ళు కూడా మన ఊళ్ళలో కనిపిస్తున్నారు. వాళ్ళను చూసిరావటానికి తల్లిదండ్రులు వెళుతుంటారు. చూడటానికి వచ్చినవాళ్ళను ఆ దేశం సాధారణంగా ఆరు నెలలదాకా ఉండనిస్తుంది. ఆ ఆరు నెలలూ వాళ్ళు ఏం చేస్తారో తెలుసా? కొడుకూ కోడలూ పొద్దున్నే పనికి పోతారు. మనుమలు బడికి పోతారు. వీళ్ళు కిటికీ దగ్గర కూర్చుని వీధి చూస్తూ ఉంటారు. భాష రాదు, దారి తెలియదు, తప్పిపోతే ఎట్లా అని భయం. ఆదివారం ఎవరైనా తీసుకుపోతే పోతారు, లేకపోతే లేదు. అంత దూరం పోయి, అంత గొప్ప నగరంలో ఉండి, నాలుగు గోడలు చూసి తిరిగిరావటం ఎంత అన్యాయం!

మా పెద్దవాడు లండనులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి ఇల్లు నగరానికి తూర్పువైపున ఈస్ట్ హామ్ అనే పేటలో ఉన్నది. ఆ పేటలో ఇడ్లీ దోసెలు దొరికే హోటళ్ళున్నాయి, గుళ్ళున్నాయి, వీధిలో తెలుగు మాట కూడా వినిపిస్తుంది. నేనూ మా ఇల్లాలూ వాడి దగ్గర కొన్నాళ్ళు ఉండివచ్చాం. నాకు ఇంగ్లీషు వచ్చు. మా ఇల్లాలికి రాదు. అందుచేత ఆమె ఎలా తిరగగలిగిందో చెబితే, అందరికీ పనికివస్తుంది.

లండను చూడటానికి వెళ్ళినవాళ్ళు మనలో ఇదివరకే ఉన్నారు. 1873లో పోతం జానకమ్మ అనే తెలుగు స్త్రీ మద్రాసులో ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళింది. తాను చూసిన వింతలన్నీ తెలుగులో రాసింది. అది ఇంగ్లీషులోకి మారి 1876లో పుస్తకంగా వచ్చింది. సరిగ్గా ఆ 1876లోనే మన హైదరాబాదు రాజ్యపు దివాను మొదటి సాలార్‌జంగు యూరపు వెళ్ళాడు. పారిస్‌లో హోటలు మెట్లమీద జారిపడి ఆయనకు తొడ ఎముక విరిగింది. అయినా ఆయన ప్రయాణం మానుకోలేదు, లండను వెళ్ళాడు. హైదరాబాదులో సాలార్‌జంగు మ్యూజియం చూసినవాళ్ళకు మేలిముసుగు వేసుకున్న రెబెక్కా పాలరాతి బొమ్మ గుర్తుండే ఉంటుంది. ఆయన దాన్ని ఆ ప్రయాణంలోనే రోము నగరంలో కొన్నాడు.

వాళ్ళు సముద్రంమీద వారాల తరబడి ప్రయాణం చేయవలసి వచ్చేది. మనం హైదరాబాదులో విమానం ఎక్కితే సుమారు పది గంటల్లో లండనులో దిగవచ్చు. కాని ఒక విషయం చూడండి. జానకమ్మ లండను చేరేనాటికే అక్కడ నేల కింద రైళ్ళు నడుస్తున్నాయి!

ప్రపంచంలో మొదటి భూగర్భ రైలు 1863 జనవరి 10వ తేదీన లండనులో మొదలయింది. ఎందుకు మొదలుపెట్టారో తెలుసా? అప్పటి వీధులు గుర్రపు బండ్లతోనూ, సామాన్ల బండ్లతోనూ కిక్కిరిసి ఉండేవి. వీధిని వెడల్పు చేయాలంటే ఇళ్ళు కూలగొట్టాలి. అందుకని వీధినే లోతుగా తవ్వి, ఇరువైపులా ఇటుక గోడలు కట్టి, లోపల పట్టాలు వేసి, పైన కమానుగా కప్పు వేసి, మళ్ళీ పైన వీధిని పరిచారు. ఆ మొదటి దారి పాడింగ్టన్‌నుంచి ఫారింగ్డన్‌దాకా సుమారు ఆరు కిలోమీటర్లు. అప్పట్లో బొగ్గుతో నడిచే ఆవిరి ఇంజన్లే ఉండేవి గనక సొరంగమంతా పొగ కమ్ముకునేది. పొగ పైకి పోవటానికి అక్కడక్కడా కప్పు లేకుండా వదిలేవారు. 1890లో విద్యుచ్ఛక్తితో నడిచే రైలు వచ్చిన తరవాతనే చాలా లోతున, గుండ్రని గొట్టాలవంటి సొరంగాలలో రైళ్ళు నడపటం వీలయింది. అందుకే లండనువాళ్ళు దీన్ని ట్యూబు, అంటే గొట్టం, అని ముద్దుగా పిలుస్తారు.

ఇప్పుడు ఈ ట్యూబులో 11 లైన్లూ, 272 స్టేషన్లూ ఉన్నాయి. పట్టాల దారి మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. పేరుకు భూగర్భ రైలేగాని అందులో సగానికి పైగా నేలమీదే నడుస్తుంది. ఊరి నడిబొడ్డు వచ్చేసరికి నేల కిందికి దిగుతుంది.

272 స్టేషన్లు! వీటిలో మనకు కావలసింది కనుక్కోవటం ఎట్లా? అందుకు ఒక పటం ఉన్నది. ఆ పటం పుట్టిన కథ వినండి.

మొదట్లో రైళ్ళ పటాన్ని మామూలు ఊరి పటం మీదే గీసేవాళ్ళు. పట్టాలు ఎట్లా వంకర తిరిగితే గీత కూడా అట్లాగే వంకర తిరిగేది. ఊరి మధ్యన స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి గనక పేర్లన్నీ ఒకదానిమీద ఒకటి పడి కళ్ళు చెదిరేవి. ఊరి చివరన ఉన్న స్టేషన్లకు కాగితమే చాలేది కాదు. రైల్వేలో విద్యుత్తు వలయాల బొమ్మలు గీసే హారీ బెక్ అనే ఆయన 1931లో ఒక ఆలోచన చేశాడు. "నేల కింద పోయే మనిషికి పైన వీధులు ఎన్ని వంకరలు తిరిగితే ఏమి? ఏ స్టేషను తరవాత ఏ స్టేషను వస్తుంది, ఎక్కడ లైను మారాలి, ఈ రెండూ తెలిస్తే చాలు గదా!" అన్నది ఆ ఆలోచన. ఆయన గీతలన్నిటినీ తిన్నగా చేశాడు. అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా, అంతే. స్టేషన్లను సమానమైన ఎడంలో పెట్టాడు. లైనుకు ఒక రంగు వేశాడు. నేలమీది వస్తువుల్లో ఒక్క థేమ్స్ నదిని మాత్రం ఉంచాడు. పై అధికారులు మొదట దీన్ని ఒప్పుకోలేదు. జనానికి అర్థం కాదన్నారు. చివరికి 1933లో అచ్చువేసి పంచితే జనం ఎగబడి తీసుకున్నారు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో నగరాల రైళ్ళ పటాలు ఈ పద్ధతిలోనే ఉన్నాయి. మన హైదరాబాదు మెట్రో పటం కూడా చూడండి, దానికి ఇది తాత వరస.

ఈ పటం మీకు కొత్తదనుకోకండి. మన ఊరికి ఇప్పుడే ఒకటి గీద్దాం. వెల్గటూరునుంచి ఒక గీత దక్షిణానికి గీయండి. దానిమీద ధర్మారం, ఆ తరవాత కరీంనగరం. అదే గీతను ఉత్తరానికి గీస్తే రాయపట్నం. రాయపట్నం దగ్గర ఇంకొక గీత అడ్డంగా వస్తుంది. దానిమీద పడమటివైపున ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి. తూర్పువైపున లక్సెట్టిపేట, మంచిర్యాల. ఇప్పుడు వెల్గటూరు పిల్లవాడు కోరుట్ల పోవాలంటే ఏం చేయాలి? రాయపట్నంలో దిగి, పడమటి బస్సు ఎక్కాలి. సిరిసిల్ల పోవాలంటే? కరీంనగరంలో దిగి వేములవాడమీదుగా పోయే బస్సు ఎక్కాలి. చూశారా! ఎన్ని కిలోమీటర్లో మనకు అక్కరలేకపోయింది. వరస తెలిసింది, మారవలసిన చోటు తెలిసింది. అంతే.

కనక కొత్త నగరంలో రైలు ఎక్కబోయే మనిషి తనను తాను మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ రంగు లైను? ఏ వైపు పోయే బండి? ఎక్కడ దిగి మారాలి? ఈ మూడింటికీ జవాబు చీటీమీద రాసుకుని జేబులో పెట్టుకుంటే లండనులో ఎక్కడికైనా పోవచ్చు. దారి చూపే ఫోనులున్నాయి గదా అంటారేమో. ఉన్నాయి, మంచివే. కాని ఫోనులో విద్యుత్తు అయిపోతే? చీటీకి ఆ బాధ లేదు. ఇంటి చిరునామా, ఇంట్లోవాళ్ళ ఫోను నంబరు కూడా ఆ చీటీమీదే రాసుకోవాలి.

మేము మొట్టమొదట పోదలచుకున్నది బ్రిటిష్ మ్యూజియానికి. ఎందుకో తరవాత చెబుతాను. ఈస్ట్ హామ్‌లో ఆకుపచ్చ రంగు లైను ఉన్నది. దాని పేరు డిస్ట్రిక్ట్ లైను. మ్యూజియం దగ్గరి స్టేషను ఎరుపు రంగు లైనుమీద ఉన్నది. దాని పేరు సెంట్రల్ లైను. ఈ రెండూ మైల్ ఎండ్ అనే స్టేషనులో కలుస్తాయి. ఈస్ట్ హామ్‌నుంచి మైల్ ఎండ్ ఆరో స్టేషను. అక్కడ దిగితే అదే ప్లాట్‌ఫారానికి అవతలి పక్కకే ఎర్ర లైను బండి వస్తుంది. అది ఎక్కితే బెత్నల్ గ్రీన్, లివర్‌పూల్ స్ట్రీట్, బ్యాంక్, సెయింట్ పాల్స్, చాన్సరీ లేన్, ఆరోది హోబర్న్. అక్కడ దిగి అయిదారు వందల మీటర్లు నడిస్తే మ్యూజియం.

నేను ఇదంతా పటంమీద చూపించి చెబుతుంటే మా ఇల్లాలు పేర్లు పట్టించుకోలేదు. కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుని, "ఇగో, గింతేనా! ఆకుపచ్చది ఎక్కుడు, ఆరు లెక్కపెట్టుడు. ఎర్రది ఎక్కుడు, ఆరు లెక్కపెట్టుడు" అన్నది. నేను గంటసేపు చెప్పిన పాఠాన్ని ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది!

ఆమె మాట చాలా సరి అయినది. లండనులో స్టేషన్ల పేర్లు పలకటం కన్న లెక్కపెట్టటమే సుఖం. ఎందుకంటే అక్కడి పేర్లు రాసే తీరు ఒకటి, పలికే తీరు ఒకటి. హోబర్న్‌లో నడుమ ఒక 'ల' అక్షరం రాస్తారు, పలకరు. 'లీసెస్టర్' అని రాసినట్టు కనిపించేదాన్ని లెస్టర్ అంటారు. 'గ్రీన్‌విచ్' అని కనిపించేదాన్ని గ్రెనిచ్ అంటారు. కాబట్టి ఎవరినైనా అడిగేటప్పుడు నోటితో చెప్పటం కన్న చీటీమీద రాసింది చూపించటం మంచిది. స్టేషనులో దుస్తులను బట్టి ఉద్యోగులను గుర్తుపట్టవచ్చు. వాళ్ళను అడగటానికి మొహమాట పడకూడదు, దారి చెప్పటం వాళ్ళ పనిలో భాగం.

ఇక స్టేషను లోపలి మర్యాదలు. అక్కడ టిక్కెట్టు కొననక్కరలేదు. స్టేషనులో అమ్మే ఆయిస్టర్ కార్డునుగాని, బ్యాంకు కార్డునుగాని గేటు దగ్గరి పసుపుపచ్చ బిళ్ళకు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. దిగిన తరవాత బయటికి వచ్చేటప్పుడు కూడా అదే కార్డు ఆనించాలి. ఆనించకపోతే ఎక్కడ దిగారో యంత్రానికి తెలియదు గనక ఎక్కువ డబ్బు పట్టుకుంటుంది. ఒక మనిషికి ఒక కార్డు ఉండాలి. పదకొండేళ్ళు నిండని పిల్లలకు, పెద్దవాళ్ళతో కలిసి పోయేటప్పుడు, డబ్బు లేదు.

చాలాచోట్ల కిందికి దిగటానికి ఎస్కలేటర్లు, అంటే కదిలే మెట్లు, ఉంటాయి. వాటిమీద నిలబడేవాళ్ళు కుడివైపున నిలబడాలి. ఎడమవైపు తొందరగా నడిచిపోయేవాళ్ళకు. చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు కొంచెం పైకి ఎత్తి పట్టుకోవాలి. మా ఇల్లాలు మొదటిసారి ఆ మెట్లముందు చాలాసేపు నిలబడింది. వెనకవాళ్ళు విసుక్కుంటారేమో అనుకున్నాను. ఒక్కరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన చెయ్యి అందించాడు. ఆమె దణ్ణం పెట్టింది. ఇద్దరికీ భాష అక్కరలేకపోయింది.

బండి ఎక్కేముందు దాని నుదుటిమీద రాసిన చివరి స్టేషను పేరు చూడాలి. లైను ఒకటే అయినా కొన్ని బండ్లు సగందారిలోనే ఆగిపోతాయి. ఏ వైపు పోతుందో గోడమీద రాసి ఉంటుంది. ఈస్ట్‌బౌండ్ అంటే తూర్పుకు పోయేది, వెస్ట్‌బౌండ్ అంటే పడమటికి పోయేది. నార్త్ ఉత్తరం, సౌత్ దక్షిణం. ఈ నాలుగు మాటలు మీ నాయనమ్మకు మీరు నేర్పితే చాలు. శని ఆదివారాల్లో కొన్ని లైన్లు మరమ్మతుకోసం ఆపేస్తుంటారు. కనక ఆ రోజుల్లో బయలుదేరేముందు స్టేషనులోని బోర్డు చూసుకోవాలి.

బండి తలుపుకూ ప్లాట్‌ఫారానికీ నడుమ కొన్నిచోట్ల సందు ఉంటుంది. "మైండ్ ది గ్యాప్", అంటే సందు చూసుకోండి, అని ఒక గొంతు హెచ్చరిస్తుంది. ఎంబాంక్‌మెంట్ అనే స్టేషనులో ఉత్తరానికి పోయే నార్తర్న్ లైను ప్లాట్‌ఫారంమీద ఈ మాట చెప్పే గొంతు ఆస్వాల్డ్ లారెన్స్ అనే నటుడిది. ఆయన 2007లో చనిపోయాడు. ఆయన భార్య ఆ స్టేషనుకు పోయి ఆ గొంతు వింటూ ఉండేది. 2012లో కొత్త యంత్రాలు వచ్చి ఆ గొంతు పోయింది. ఆమె అధికారులను అడిగింది. వాళ్ళు పాత రికార్డును వెతికి తీసి, 2013లో ఆ ఒక్క ప్లాట్‌ఫారంమీద మళ్ళీ ఆ గొంతే వినిపించేటట్టు చేశారు. ఎంత పెద్ద నగరమైనా ఒక్క మనిషి మాట వినగలదని దీన్నిబట్టి తెలుస్తున్నది.

సరే, ఆకుపచ్చ ఆరూ, ఎరుపు ఆరూ అయ్యాయి. మ్యూజియం చేరాం. లోపలికి పోవటానికి డబ్బు ఇవ్వనక్కరలేదు. అక్కడ 33-ఏ అనే గది ఉన్నది. అది తెరిచి ఉండే వేళలు ముందుగా కనుక్కుని పోవాలి. ఆ గదిలో ఏమున్నాయో తెలుసా? మన అమరావతి స్తూపపు శిల్పాలు!

కృష్ణానది ఒడ్డున రెండువేల ఏళ్ళకు పైబడిన ఆ స్తూపాన్ని 1797లో కల్నల్ మెకంజీ చూశాడు. తరవాత బొమ్మలు గీయించాడు. అప్పటికే ఎన్నో రాళ్ళు ఇళ్ళ కట్టుబడిలోకీ, సున్నపు బట్టీల్లోకీ పోయాయి. 1845లో వాల్టర్ ఎలియట్ అనే అధికారి తవ్వించి చాలా రాళ్ళను మద్రాసుకు చేర్చాడు. అవి 1859లో ఓడమీద లండనుకు బయలుదేరాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. అవి పల్నాటి సున్నపురాళ్ళు, తెల్లగా, కొద్దిగా ఆకుపచ్చ ఛాయతో ఉంటాయి. ఒక రాతిమీద ఆ స్తూపం బొమ్మనే చెక్కారు. చుట్టూ ప్రాకారం, ద్వారంలో సింహాలు, పైన ఎగిరే దేవతలు. కట్టడం పోయినా, అది ఎట్లా ఉండేదో ఆ రాయిని చూస్తే తెలుస్తుంది.

వెల్గటూరు మనిషి దాన్ని చూడటానికి పోవటంలో ఇంకో విశేషమున్నది. అమరావతి స్తూపం శాతవాహనుల కాలంలో బాగా పెరిగింది. ఆ శాతవాహనుల మొదటి రాజుగా చెప్పే శ్రీముఖుడి నాణేలు ఎక్కడ దొరికాయో తెలుసా? మన మండలంలోనే, గోదావరి ఒడ్డున, కోటిలింగాలలో! మన పక్క పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో కూడా బౌద్ధస్తూపం బయటపడింది. కనక లండనులో గాజు తలుపుల వెనక ఉన్న ఆ రాళ్ళు మనకు దగ్గరి చుట్టాలే. మా ఇల్లాలు వాటిముందు నిలబడి, "మనోళ్ళు చెక్కినయే! గింత దూరం ఎందుకు తెచ్చిన్రు?" అన్నది.

మీరూ అదే అడుగుతారు. అప్పుడు దేశం ఇంగ్లీషువాళ్ళ పాలనలో ఉన్నది. తవ్వించినదీ, ఓడ ఎక్కించినదీ ఆ ప్రభుత్వపు అధికారులే. వాళ్ళు తీయకపోతే అవి సున్నమై పోయేవని కొందరంటారు. మన సొత్తు మన దగ్గరే ఉండాలని కొందరంటారు. సాలార్‌జంగు రెబెక్కా బొమ్మను డబ్బిచ్చి కొన్నాడు, ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు. పెద్దవాళ్ళయ్యాక మీరు రెండు పక్షాలూ చదివి ఆలోచించండి. ఈలోగా లండను పోనక్కరలేదు. అమరావతిలో మ్యూజియం ఉన్నది, చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కూడా ఆ శిల్పాలు ఎన్నో ఉన్నాయి. వాటిని చూడండి.

ఇంకొక రోజున మరో తెలుగు సంబంధం వెతుక్కుంటూ పోయాం. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పేరు మీరు విన్నారు గదా? 1820లో కడపకు ఉద్యోగంమీద వచ్చి తెలుగు నేర్చుకున్నవాడు. వేమన పద్యాలను 1829లో అచ్చువేసినవాడు. 1852లో తెలుగు నిఘంటువు ప్రచురించినవాడు. ఆయన 1855లో ఇండియా విడిచి లండను పోయి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న అక్కడే చనిపోయాడు. ఆయన సమాధి కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నది.

అక్కడికి దారి చూడండి. ఈస్ట్ హామ్‌లో గులాబిరంగు లైను కూడా ఆగుతుంది. అది ఎక్కి పదిహేడు లెక్కపెడితే బేకర్ స్ట్రీట్. ఫారింగ్డన్ దాటిన తరవాత ఆ బండి పోయేది 1863నాటి మొదటి దారిలోనే! బేకర్ స్ట్రీట్‌లో దిగగానే పాత ఇటుక కమాను కనిపిస్తుంది. అక్కడ గోధుమరంగు లైనుకు మారి ఉత్తరం బండి ఎక్కి ఎనిమిది లెక్కపెడితే కెన్సల్ గ్రీన్. కాని జాగ్రత్త! ఆ లైనులో చాలా బండ్లు ఒక స్టేషను ముందే, క్వీన్స్ పార్క్‌లో, ఆగిపోతాయి. అందుకే నుదుటి రాత చూడమన్నాను. బ్రౌను అనే మాటకు ఇంగ్లీషులో గోధుమరంగు అనే అర్థం. బ్రౌన్ దొర దగ్గరికి పోయే లైను రంగు కూడా అదే కావటం చూసి మా మనుమడు ఒకటే నవ్వు! ఆ శ్మశానం 1833లో తెరిచినది, 72 ఎకరాలు. అందులో ఒక సమాధి కోసం ఊరికే తిరిగితే లాభం లేదు. కార్యాలయంలో పేరూ, చనిపోయిన సంవత్సరమూ రాసి చూపించి అడగాలి.

తొందర లేని రోజున బస్సు ఎక్కటం మంచిది. లండను బస్సులు ఎర్రనివి, చాలావాటికి రెండంతస్తులు. పై అంతస్తులో ముందు సీటు దొరికితే నగరమంతా మన కాళ్ళకింద నడుస్తున్నట్టు ఉంటుంది. బస్సు స్టాపులో ఆగే బస్సుల నంబర్లు రాసి ఉంటాయి. మన బస్సు రాగానే చెయ్యి ఎత్తాలి. ముందు తలుపున ఎక్కాలి. 2014నుంచి బస్సులో నగదు తీసుకోరు, కార్డు ఒక్కసారి ఆనిస్తే చాలు, దిగేటప్పుడు అక్కరలేదు. 2025లో ఛార్జీ 1 పౌను 75 పెన్నీలు. గంటలోపల ఇంకో బస్సు ఎక్కితే దానికి మళ్ళీ పట్టుకోరు. దూరం ఎంతయినా అదే ఛార్జీ.

నడకను కూడా మరవకూడదు. బెక్ పటంలో స్టేషన్లన్నీ సమాన దూరంలో ఉంటాయని చెప్పాను గదా. దానివల్ల ఒక చిక్కున్నది. లెస్టర్ స్క్వేర్‌కూ కోవెంట్ గార్డెన్‌కూ నడుమ దూరం 260 మీటర్లే! పటం చూసినవాళ్ళు రైలు ఎక్కుతారు. మెట్లు దిగి, బండికోసం నిలబడి, మళ్ళీ పైకి ఎక్కేలోగా నడిచేవాడు అక్కడికి చేరి కూర్చుంటాడు. అదే పటంలో ఊరి చివర రెండు స్టేషన్ల నడుమ ఆరు కిలోమీటర్లకు పైగా ఉన్నది. కనక పటం చెప్పేదేమిటో, చెప్పనిదేమిటో రెండూ తెలుసుకోవాలి. వరస చెబుతుంది, దూరం చెప్పదు. నడిచేటప్పుడు మామూలు ఊరి పటం చూడాలి. అక్కడ కూడా బండ్లు మనలాగే ఎడమవైపునే పోతాయి. తెల్లచారలూ, వెలిగి ఆరే పచ్చని గుండ్రని దీపాలూ ఉన్నచోట అడుగు పెడితే కార్లు ఆగుతాయి.

మేము తిరిగివచ్చే ముందు జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా వీధికి రెండు వీధుల అవతల మెట్‌పల్లి వైపునుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఉండేది. నాలుగు నెలలుగా ఆమె ఒంటరిగా గడప దాటలేదట. ఒక బుధవారం పొద్దున మా ఇల్లాలు ఆమె ఇంటికి పోయి, "రా వదినా, మనోళ్ళ రాళ్ళు చూసొద్దాం" అన్నది. నేను వెంట రానా అంటే వద్దన్నది. ఇద్దరూ చీటీ ఒకటి, కార్డు చెరొకటి, పులిహోర డబ్బా ఒకటి పట్టుకుని బయలుదేరారు. సాయంత్రం నాలుగింటికి తిరిగివచ్చారు. ఆ పెద్దమ్మ ఇంటికి పోగానే కొడుకుకు చెప్పిన మొదటి మాట, "ఆకుపచ్చ ఆరు, ఎరుపు ఆరు!"

పిల్లలూ, ఇప్పుడు మీకొక పని. మీ ఊరినుంచి పోయే బస్సుల దారులన్నిటినీ ఒక తెల్లకాగితంమీద తిన్నని గీతలుగా గీయండి. ఒక్కొక్క దారికి ఒక్కొక్క రంగు వేయండి. బస్సు మారవలసిన చోట సున్న చుట్టండి. గోదావరిని నీలంగా గీయండి. ఆ తరవాత చదువురాని పెద్దవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకు చూపించి, "ఇక్కడినుంచి ధర్మపురి ఎట్లా పోవాలె?" అని అడగండి. వాళ్ళు వేలు పెట్టి సరిగ్గా చూపించగలిగితే మీ పటం బాగా కుదిరినట్టే.